తాత పేరే వంశం పేరు

వేల్స్ భాషలో 'మాబ్' అంటే కొడుకు. పేర్ల మధ్య పలికేటప్పుడు ముందున్న 'మ' జారిపోయి 'ఆప్', అచ్చు ముందు 'ఆబ్' అయింది. పాత వేల్స్‌లో ఇంటిపేర్లు లేవు. తండ్రి, తాత, ముత్తాత వరసే మనిషి చిరునామా.

ఆంగ్లెసీ దీవిలోని పెన్మినిద్ వంశీయుడు ఓవైన్ పూర్తి పేరు ఓవైన్ ఆప్ మరెడిద్ ఆప్ టిడిర్: టిడిర్ కొడుకైన మరెడిద్‌కి కొడుకు. ఇతను ఇంగ్లండు రాజు అయిదో హెన్రీ భార్య కేథరిన్‌ను, ఆమె వితంతువయ్యాక పెళ్లాడాడు. స్థిరమైన ఇంటిపేరుకు అలవాటుపడ్డ ఇంగ్లీషువాళ్లు ఆ వరసలో చివరి మాట పట్టుకున్నారు. అలా తాత పేరు టిడిర్ 'ట్యూడర్' అయి నిలిచింది. తండ్రి పేరు పట్టుకుని ఉంటే, మొదటి ఎలిజబెత్ రాణి మెరెడిత్ వంశపు రాణి అయ్యేది! నాకు ఈ ఊహంటే ఎంతో ఇష్టం.

1461లో ఇంగ్లండు సింహాసనం కోసం జరిగిన యుద్ధంలో ఓడిన పక్షాన దొరికిపోయిన ఓవైన్ తలను హెరెఫర్డ్‌లో నరికారు. 1485లో అతని మనవడు ఏడో హెన్రీగా సింహాసనమెక్కాడు.

ఆప్ మాత్రం చాలా పేర్లలో నక్కి బతికింది. ఆప్ హవెల్ పావెల్ అయింది, ఆప్ రీస్ ప్రైస్ అయింది, ఆబ్ ఓవైన్ బోవెన్ అయింది.