ఇల్లు మారిన ఇంజను

మా బాబాయికి విజయవాడలో ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. 1980ల నడుమ, పెట్రోలు ఖర్చు తట్టుకోలేక, దాన్ని ఆటోనగర్ తోలుకెళ్ళి, ఉన్న ఇంజను పీకించి, పాత మెటడార్ వ్యానులోంచి తీసిన డీజిల్ ఇంజను పెట్టించాడు. నాకప్పుడు ఇంటరు పరీక్షలైపోయి సెలవులు. మూడు రోజులు ఆ షెడ్డులోనే కాపురం. చెయిన్ బ్లాకుకి వేలాడుతూ ఇంజను పైకి లేవడం, కింద మిగిలిన ఖాళీలోకి నేను తొంగి చూడడం ఇప్పటికీ గుర్తే. ఆర్‌సీ పుస్తకంలో ఇంజను నంబరు మార్పించుకున్నాడు, బాడుగలకు తిప్పుకున్నాడు. "ట్రాక్టరెక్కినట్టుందిరా" అని మా నాయనమ్మ గొణిగింది తప్ప, ఇంజను మారాక ఇది పాత బండేనా అని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న నాకు మిషిగన్‌లో ఎదురైంది.

ఫ్లింటు ఊరికి అరగంట దూరంలో మేము ఇల్లు కొన్నప్పుడు పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళు బ్యూక్ ఇంజన్ల ప్లాంటులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన గరాజులో దుప్పటి కింద 1977 మోడలు ఎంజీబీ ఉండేది. రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు, ముదురాకుపచ్చ రంగు. బ్యూక్ జీతంతో ఇంగ్లీషు బండి కొన్నాడని తోటివాళ్ళు ఏమంటారోనని ఒక్కసారి కూడా దాన్ని ప్లాంటుకు తీసుకెళ్ళలేదట. ఆ రోజుల్లో ఫ్లింటులో విదేశీ కారు వేసుకుని పనిలోకి వెళ్ళడమంటే మడికట్టుకున్న వంటింట్లోకి చెప్పులతో నడిచినట్టే మరి.

1999లో దాన్ని నాకమ్మాడు. ధర దగ్గర పట్టుపట్టలేదు కానీ ఒక షరతు పెట్టాడు. "ఇందులో అమెరికన్ వీ8 మటుకు పెట్టకు. ఇంగ్లీషు బండిని ఇంగ్లీషు బండిగానే ఉండనీ." చెయ్యి కలిపి మాటిచ్చాను. మాటివ్వడం ఎంత తేలికో!

ఇంటికి తెచ్చి బానెట్ ఎత్తితే నా కళ్ళను నేను నమ్మలేదు. ఎదురుగా ఉన్నది మా బాబాయి ఆటోనగర్లో తీసి పారేసిన ఇంజను! అదే కాదనుకోండి, దాని తోబుట్టువు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బీ-సిరీస్ ఇంజను 1940ల చివర ఆస్టిన్ కారు కోసం 1200 సీసీతో మొదలైంది. పెంచుకుంటూ పోయి 1489 సీసీ చేశారు. ఆ 1489ని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టారు. ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డే కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్ అయింది. అదే 1489ని రెండు కార్బొరేటర్లతో 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ పెట్టారు. ఏడేళ్ళకు 1962లో ఎంజీబీ వచ్చేసరికి అది 1798 సీసీ అయింది. అంటే అమెరికన్ కుర్రాళ్ళు తల ఎగరేసుకుని తిరిగిన బండిలోనూ, మనం పెళ్ళికి పదకొండుమంది కూరుకుని వెళ్ళిన బండిలోనూ ఉన్నది ఒకే ఇంటి పిల్లలు. ఇది తెలిశాక ఆ బండి మీద నాకు మోజు పోయి చుట్టరికం వచ్చింది.

అయితే ఆ ఇంజనుకు బలం చాలదన్న సంగతి మొదటినుంచీ అందరికీ తెలిసిందే. మొదట్లో 95 హార్స్‌పవర్ అని చెప్పేవారు. అమెరికాలో పొగ చట్టాలొచ్చాక రెండు కార్బొరేటర్లు పోయి 1975 నుంచి ఒకటే మిగిలింది, పవరు అరవై పైచిలుకుకు పడిపోయింది. బంపర్ల చట్టం కోసం ముందూ వెనకా నల్ల రబ్బరు దిమ్మలు తగిలించి, బండిని పైకి లేపారు. మా పెద్దాయన బండి ఆ జాతిదే. ఫ్రీవే మీదికి ఎక్కేటప్పుడు వెనకాల ట్రక్కువాడు హారను కొడుతుంటే ఇష్టదైవాన్ని తలుచుకోవాల్సిందే.

ఇంత బలహీనతను చూస్తూ కంపెనీ ఊరుకోలేదు. 1967లో ఆరు సిలిండర్ల ఇనప ఇంజను పెట్టి ఎంజీసీ అని అమ్మింది. అది నాలుగు సిలిండర్లదానికన్నా రెండొందల పౌన్ల పైన బరువు. ముక్కు బరువెక్కి, మలుపులో స్టీరింగు తిప్పినా బండి తిన్నగా పోతానంటుందని పత్రికలవాళ్ళు చీల్చి చెండాడారు. రెండేళ్ళలో, దాదాపు తొమ్మిది వేల బండ్లతో దాని కథ ముగిసింది. ఇంజను మార్చేటప్పుడు హార్స్‌పవర్ చూసి మురిసిపోకూడదు, ముందు తూకం చూడాలి. ఈ పాఠం ఎంజీ ఇంజనీర్లు నేర్చుకున్న ఖరీదులో నేనూ తరవాత కొంత పంచుకున్నాను.

ఇక్కడ కథ ఇంగ్లండు వదిలి మళ్ళీ మా ఫ్లింటుకు రావాలి. 1961 మోడలు చిన్న కార్ల కోసం బ్యూక్‌వాళ్ళు పూర్తి అల్యూమినియంతో ఒక వీ8 చేశారు. 215 ఘనపుటంగుళాలు, అంటే మూడున్నర లీటర్లు. బరువు 320 పౌన్ల లోపే. ఆ కాలానికి అద్భుతం. కానీ పోత పోయడం కష్టం, దండగ ఎక్కువ, అప్పటి కూలెంటుకూ అల్యూమినియానికీ పడక రేడియేటర్లు పూడుకుపోయేవి. ఈలోగా పల్చటి ఇనప పోత చవగ్గా కుదిరింది. మూడేళ్ళకే, 1963తో, ఆ ఇంజనును ఆపేశారు.

1964 ప్రాంతంలో రోవర్ కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు విలియం మార్టిన్-హర్స్ట్ ఏదో వ్యాపారం మాట్లాడడానికి విస్కాన్సిన్‌లోని మెర్క్యురీ మెరైన్ అనే పడవల ఇంజన్ల కంపెనీకి వెళ్ళాడు. అక్కడి వర్క్‌షాపులో ఈ బ్యూక్ ఇంజను కనిపించింది. రోవర్‌కు సరిగ్గా అలాంటిదే కావాలి. కొలతలు తీసుకుని జనరల్ మోటార్స్‌ను అడిగాడు. మేం వద్దనుకున్నదాన్ని వీళ్ళు నిజంగానే కొంటారా అని వాళ్ళకు మొదట నమ్మకం కుదరలేదట. 1965లో హక్కులు రోవర్ చేతికొచ్చాయి. రిటైర్మెంటుకు దగ్గరపడిన బ్యూక్ ఇంజనీరు జో టర్లే దాన్ని సరిచేసి నిలబెట్టడానికి ఇంగ్లండు వెళ్ళి కూర్చున్నాడు. మనవాళ్ళు పై చదువులకు అమెరికా దారి పట్టిన రోజుల్లోనే ఒక అమెరికన్ తను చేసిన ఇంజను వెంటబడి ఇంగ్లండు వలస వెళ్ళాడన్నమాట.

(అన్నట్టు, ఇదే కుటుంబానికి చెందిన ఓల్డ్స్‌మొబీల్ బ్లాకును తీసుకుని ఆస్ట్రేలియాలో రెప్కోవాళ్ళు చేసిన ఇంజనుతోనే జాక్ బ్రాబమ్ 1966 ఫార్ములా వన్ ఛాంపియనయ్యాడు. డెట్రాయిటు వద్దనుకున్న ఇంజను!)

1968కి ఎంజీ, రోవర్ రెండూ బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఒకరి దగ్గర తేలికైన ఇంజనుంది, ఇంకొకరి దగ్గర బలంలేని బండుంది. కలపాలన్న ఆలోచన పెద్ద ఆఫీసులో రావాలి కదా. రాలేదు. 1970 ప్రాంతంలో కెన్ కాస్టెల్లో అనే రేసు డ్రైవరు ఇంగ్లండులో తన సొంత షాపులో ఎంజీబీలో ఆ వీ8 దింపి అమ్మడం మొదలెట్టాడు. అల్యూమినియం కాబట్టి బరువు పాత ఇనప ఇంజనుతో ఇంచుమించు సమానం, ముక్కు బరువెక్కలేదు. కార్బొరేటర్లు పట్టక బానెట్ మీద ఒక బొడిపె పెట్టాడంతే. కంపెనీవాళ్ళు ఆయన్ని పిలిపించి బండి చూశారు, నడిపారు, మెచ్చుకున్నారు, తరవాత తామే చేసుకున్నారు. ఆబింగ్డన్ ఫాక్టరీ ఇంజనీర్లు కార్బొరేటర్లను వెనక్కి జరిపి ఆ బొడిపె కూడా లేకుండా చేశారు. 1973 ఆగస్టులో ఎంజీబీ జీటీ వీ8 బజారులోకొచ్చింది. 137 హార్స్‌పవర్, గంటకు 125 మైళ్ళ దాకా పరుగు.

అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు కట్టేశాయి. ఎనిమిది సిలిండర్ల బండి ఎవడికి కావాలి? 1976 దాకా చేసినవి 2,591. అమెరికాకు అసలు అమ్మలేదు. ఎంజీబీలు మొత్తం ఐదు లక్షలకు పైగా చేస్తే అందులో ఎక్కువ భాగం కొన్నది అమెరికా. ఇంజను పుట్టిన దేశమూ అమెరికాయే. ఆ రెండూ కలిసిన బండి మటుకు ఇక్కడికి రాలేదు.

వాళ్ళను తప్పుపట్టే ముందు అవతల కరోల్ షెల్బీ ఏం చేశాడో చూడాలి. 1961లో ఏసీ కంపెనీవాళ్ళ ఏస్ కారుకు బ్రిస్టల్ ఇంజన్లు ఆగిపోతే, ఈ టెక్సాస్ మనిషి అందులో ఫోర్డు వీ8 పెట్టి కోబ్రా అన్నాడు. 1965లో జీటీ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఈ రోజు కోబ్రాను చూసి "ఇది అసలు ఏసీ కాదు" అని ముక్కు చిట్లించేవాడు ఉన్నాడా? మొదట ఎవరో బండి పాడుచేశాడంటారు, గెలిచాక అదే అసలు బండంటారు. అంబాసిడర్‌లో కంపెనీయే 1990ల మొదట్లో జపాను ఇసుజు ఇంజను పెట్టినప్పుడు మా బాబాయి నవ్విన నవ్వు నాకు ఫోనులో వినిపించింది.

ఇదంతా నేను సరదాకి చదువుకున్నది కాదు. మాట తప్పడానికి సాకు వెతుక్కుంటూ చదివింది. 2008 వేసవిలో బండి వేడెక్కుతుంటే యాంటీఫ్రీజ్ కొనడానికి బద్ధకించి రేడియేటరులో ఒట్టి నీళ్ళు పోస్తూ పోయాను. విజయవాడ అలవాటు. చలికాలంలో దుప్పటి కప్పి మరిచిపోయాను. జనవరిలో నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పక్కన జానెడు పొడుగున పగిలింది. ఎవరినీ అనడానికి లేదు. పెద్దాయన ఇరవై రెండేళ్ళు కాపాడిన ఇంజనును నేను పదేళ్ళలో చంపాను.

ఇంకో బీ-సిరీస్ దొరక్కపోదు. కానీ ఒహాయోలో ఒక జంక్‌యార్డులో వెనకనుంచి గుద్దేసిన 1993 రేంజ్ రోవర్ కనిపించింది. 3.9 లీటర్లు, ఫ్యూయెల్ ఇంజెక్షను. అదే బ్యూక్ ఇంజను ముప్ఫై ఏళ్ళలో పెరిగి పెద్దదై, ఇంగ్లీషు జీపులో కూర్చుని సొంత దేశం తిరిగొచ్చింది. చూసి వదిలెయ్యగలిగానా?

రెండు చలికాలాలు పట్టింది. బండి ఇంత సహకరిస్తుందని అనుకోలేదు. 1977 మోడలు నుంచి అన్ని ఎంజీబీలలోనూ రేడియేటరును వీ8 బండిలోలాగా ముందుకు జరిపారు. వీ8 అమ్మకపోయినా దాని చోటు మటుకు ఉంచేశారు! కష్టమంతా మిగతా చోట్ల. పొగగొట్టాలు స్టీరింగు షాఫ్టుకు తగులుతుంటే ముందు చక్రాల వైపు గోడలకు బెజ్జాలు కోసి అటునుంచి తీశాను. పైనున్న గాలి పెట్టె బానెట్‌కు తగిలితే దాన్ని కోయించి పొట్టి చేయించాను. పాత వెనక యాక్సిల్‌లో నిష్పత్తి దాదాపు 3.9. బలం లేని ఇంజనుకు అది కావాలి, వీ8కి పెడితే ఫ్రీవే మీద ఇంజను ఊరికే గోల పెడుతుంది. 3.07కి మార్చాను. బ్రేకులు, గేర్‌బాక్సు, వైర్లు... మా ఆవిడ లెక్క రాయడం మొదలెట్టి రెండో చలికాలంలో మానేసింది. కాలిఫోర్నియాలో ఉంటే పొగ పరీక్ష రెఫరీ దగ్గర ఇంకో యుద్ధం జరిగేది. మా రాష్ట్రంలో ఆ పరీక్ష లేదు.

2011 జూన్‌లో బండి వేసుకుని పెద్దాయన్ని చూడడానికి వెళ్ళాను. అప్పటికాయన వృద్ధాశ్రమంలో ఉన్నాడు. దారి పొడుగునా వాదన సిద్ధం చేసుకున్నాను. ఇది అమెరికన్ వీ8 కాదండీ, ఇంగ్లండులో చేసిందండీ, కంపెనీవాళ్ళు కూడా పెట్టిందండీ.

చప్పుడుకే ఆయన మొహం మారింది. వాకర్ పట్టుకుని బయటికొచ్చి బానెట్ ఎత్తమన్నాడు. నేను నోరు విప్పేలోపు, ముందున్న డిస్ట్రిబ్యూటరు నుంచి ఒక్కో ప్లగ్ వైరునూ వేలితో తడుముతూ, "ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, ఐదు, ఏడు, రెండు" అని చదివాడు. నిప్పు అందే వరస అది. యాభై ఏళ్ళ కిందట ప్లాంటులో నేర్చుకున్నాడట.

"దీన్ని మేం చేశాం" అన్నాడు. కాసేపాగి, "నువ్వు మాట తప్పావు" అన్నాడు. రెండూ ఒకే గొంతుతో.

నేను బ్లాకు పగిలిన సంగతి, నీళ్ళ సంగతి చెప్పాను. వాదన ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు.

"పాతదేం చేశావు?"

"గరాజులో ఉంది."

"అమ్మకు."

తరవాత కూర్చోబెట్టమన్నాడు. ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాం. తిరిగొచ్చేటప్పుడు ఇంకొంచెం తొక్కమన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పాత ఇంజను ఆయన దుప్పటి కిందే ఉంది. పగిలిన పోత ఇనుముకు లోహపు కుట్లు వేసే షాపు ఒకటి ఉందని తెలిసి మొన్న ధర అడిగాను. కొత్త ఇంజను పెట్టడానికైన ఖర్చులో దాదాపు సగం చెప్పారు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.