లేఖన దైవప్రేరణ, విశ్వసనీయత: ఒక క్రైస్తవ సిద్ధాంత చరిత్ర

బైబిలు పుస్తకాలను రాసింది మనుషులే అయినా వారిని ప్రేరేపించినవాడు దేవుడని, అందువల్ల అవి నమ్మదగినవని చెప్పే క్రైస్తవ సిద్ధాంతాన్ని లేఖన దైవప్రేరణ లేదా దైవావేశం అంటారు. తిమోతికి రాసిన రెండవ పత్రిక 3:16, పేతురు రెండవ పత్రిక 1:21 దీనికి ముఖ్యమైన ఆధారాలు. భారతీయ దర్శనాల్లో ఒకటైన మీమాంసను అనుసరించేవారు వేదానికి కర్తే లేడన్నారు. క్రైస్తవుల వాదం అలాంటిది కాదు. బైబిలుకు కర్తలున్నారు, వారి కాలాలూ శైలులూ వేరు వేరు. ప్రత్యక్ష సాక్షుల నుంచి వచ్చిన సంగతులను విచారించి రాస్తున్నానని లూకా తన సువార్త మొదట్లోనే చెప్పుకున్నాడు. మనిషి చేసిన విచారణ, దేవుడిచ్చిన ప్రేరణ ఒకే రచనలో ఎలా ఇమిడాయన్నది ఈ సిద్ధాంత చరిత్రలో మొదటి ప్రశ్న. ఆ రచన చేతి ప్రతుల మీదుగా మనదాకా చెక్కుచెదరకుండా వచ్చిందా అన్నది రెండవది. మొదటిది విశ్వాసానికి సంబంధించినది, రెండవది ప్రతులు చూసి తేల్చదగినది. ఈ రెంటినీ విడిగా ఉంచినప్పుడు సిద్ధాంతం నిలదొక్కుకుంది, ఒకదాన్ని మరొకదానికి ముడివేసినప్పుడు దెబ్బతింది.

ప్రాచీన సంఘం

రెండవ శతాబ్దపు రచయిత అథెనాగొరస్ ప్రవక్తలను వేణువుతోనూ, పరిశుద్ధాత్మను దాన్ని ఊదేవాడితోనూ పోల్చాడు. ఈ పోలికలో మనిషి పాత్ర దాదాపు కనుమరుగవుతుంది. అదే శతాబ్దంలో ఫ్రిజియా ప్రాంతంలో పుట్టిన మోంటానస్ ఉద్యమంలో ప్రవక్తలు ఒళ్లు తెలియని పూనకంలో పలికేవారు. దాన్ని ఖండించే క్రమంలో సంఘం, అసలైన ప్రవక్త తెలివిలో ఉండే మాట్లాడతాడనే వైపు మొగ్గింది. మూడవ శతాబ్దంలో ఒరిగెన్ మరో మెట్టు ఎక్కి, అక్షరార్థానికి పొసగని చోట్లు లేఖనంలో ఉన్నాయని, లోతైన అర్థం వెతికించడానికే దేవుడు వాటిని ఉంచాడని వాదించాడు. ప్రేరణను గట్టిగా నమ్మిన ఒరిగెనే హీబ్రూ పాఠాన్ని గ్రీకు అనువాదాలతో పక్కపక్కన నిలిపి ‘హెక్సాప్లా’ కూర్చాడు. అంటే ప్రతుల మధ్య తేడాలున్నాయన్న సంగతి ఆనాటి విశ్వాసులకు కొత్త కాదు.

ఈ కాలపు ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చినవాడు అగస్టీన్. అంతియొకయలో పౌలు పేతురును ఎదిరించిన ఘట్టం (గలతీ పత్రిక, 2వ అధ్యాయం) మేలు కోరి ఆడిన నటన అని ఆయన సమకాలీన బైబిలు పండితుడు జెరోమ్ వ్యాఖ్యానించాడు. లేఖనంలో ఒక్క ‘మంచి అబద్ధాన్ని’ ఒప్పుకున్నా మిగతాదేదీ నిలవదని అగస్టీన్ అభ్యంతరం చెప్పాడు. 405 ప్రాంతంలో జెరోమ్‌కు రాసిన లేఖలో తన నియమాన్ని వివరించాడు. లేఖనంలో సత్యానికి విరుద్ధంగా ఏదైనా కనిపిస్తే ప్రతిలో తప్పు పడి ఉండాలి, లేదా అనువాదకుడు పొరబడి ఉండాలి, లేదా చదివే తనకే అర్థమై ఉండకపోవాలి. మూల రచయిత మాత్రం తప్పలేదన్నది ఆయన నమ్మకం.

సంస్కరణ కాలం

పదహారవ శతాబ్దంలో వివాదం ప్రేరణ గురించి కాదు, అధికారం గురించి. లేఖనంతో పాటు సంఘ సంప్రదాయాన్నీ సమానంగా గౌరవించాలని 1546లో కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ ప్రకటించింది. లేఖనమే అంతిమ ప్రమాణమని సంస్కర్తలు పట్టుబట్టారు. అయితే ఆ లేఖనం దేవుని వాక్కని తెలిసేదెలా? పరిశుద్ధాత్మ లోపల ఇచ్చే సాక్ష్యం వల్లనని సంస్కర్తల్లో ఒకడైన కాల్విన్ జవాబిచ్చాడు. సంఘం మీద ఆధారపడలేని పక్షానికి పాఠమే ఏకైక ఆధారమైంది. దాంతో ఆ పాఠంలో ఏ చిన్న సందేహం తలెత్తినా అది విశ్వాసానికే ప్రమాదంగా కనిపించసాగింది.

హీబ్రూ లిపిలోని అచ్చు గుర్తుల వివాదం ఇందుకు మంచి తార్కాణం. ఆ గుర్తులు మూలంలో లేవని, యూదు పండితులు చాలా కాలం తర్వాత చేర్చారని 1624లో లూయీ కప్పెల్ నిరూపించాడు. స్విట్జర్లాండ్‌లోని సంస్కరణ సంఘాలు దీనికి ఎదురు నిలిచాయి. ఆ గుర్తులకు, కనీసం వాటి ఉచ్చారణ విలువకు, దైవప్రేరణ ఉందని 1675 నాటి హెల్వెటిక్ ఒప్పంద పత్రంలో రాసుకున్నాయి. పరిశోధన కప్పెల్ పక్షానే తేల్చింది. 1706లో జెనీవా ఆ పత్రాన్ని విడిచిపెట్టింది. ప్రేరణ మీద నమ్మకాన్ని వ్రాతప్రతుల చరిత్రకు సంబంధించిన ఒక ఊహకు ముడివేయడం వల్ల జరిగిన నష్టమిది.

పాఠభేదాలు, విమర్శ

1707లో జాన్ మిల్ ప్రచురించిన గ్రీకు కొత్త నిబంధనలో సుమారు 30,000 పాఠభేదాలు కనిపించాయి. ఇన్ని తేడాలున్న గ్రంథాన్ని ఎలా నమ్మాలని స్వేచ్ఛాచింతకుడు ఆంథొనీ కాలిన్స్ ప్రశ్నించాడు. పండితుడు రిచర్డ్ బెంట్లీ 1713లో జవాబు చెప్పాడు. ప్రతులు పెరిగేకొద్దీ తేడాలూ పెరుగుతాయి, కానీ తప్పును పట్టుకునే వీలు కూడా అంతే పెరుగుతుంది. ఒకే ప్రతి మిగిలిన గ్రంథంలో తేడాలుండవు, దిద్దుకునే దారీ ఉండదు. ఈనాడు కొత్త నిబంధనకు 5,000కు పైగా గ్రీకు వ్రాతప్రతులు తెలుసు. త్రిత్వాన్ని నేరుగా చెప్పే వాక్యం యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయంలో తర్వాత చేరిందని, మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు అత్యంత ప్రాచీన ప్రతుల్లో లేవని తేలింది ఈ పోలిక వల్లనే. తెలుగు క్రైస్తవుల్లో బాగా ప్రచారంలో ఉన్న పాత అనువాదంలోనూ ఆ త్రిత్వ వాక్యం లేదు. అంతమాత్రాన త్రిత్వ విశ్వాసం సడలలేదు.

1947 నుంచి మృత సముద్ర తీరాన దొరికిన చుట్టలు ఇరువైపులా సాక్ష్యమిచ్చాయి. అంతకు ముందున్న హీబ్రూ ప్రతులకన్నా దాదాపు వెయ్యేళ్లు పాతదైన యెషయా గ్రంథపు చుట్టలో వర్ణక్రమ భేదాలు, కొన్ని పాఠభేదాలు ఉన్నాయి. మొత్తం మీద గ్రంథం అదే. అదే ప్రాంతంలో దొరికిన యిర్మీయా శకలం ఒకటి మాత్రం ప్రాచీన గ్రీకు అనువాదంలోని పొట్టి పాఠాన్ని పోలి ఉంది. కొన్ని పుస్తకాలు ఒకటికి మించిన రూపాల్లో చలామణీ అయ్యాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆధునిక నిర్వచనాలు

పంతొమ్మిదవ శతాబ్దంలో బైబిలు మొదటి ఐదు పుస్తకాల కర్తృత్వంపై వెల్‌హౌజెన్ విశ్లేషణ, భూగర్భశాస్త్రం, డార్విన్ సిద్ధాంతం కలిసి ప్రశ్నను పదును పెట్టాయి. ప్రిన్స్‌టన్ వేదాంతులు ఎ.ఎ. హాడ్జ్, బెంజమిన్ వార్ఫీల్డ్ 1881లో రాసిన వ్యాసంలో లేఖనంలో తప్పులుండవనే ‘దోషరాహిత్యం’ మూలప్రతులకు వర్తిస్తుందన్నారు. ఈ వైఖరిని ఖండించిన చార్ల్స్ బ్రిగ్స్‌ను అమెరికన్ ప్రెస్బిటేరియన్ సంఘం 1893లో పాదిరి బాధ్యతల నుంచి తప్పించింది. 1978లో చికాగోలో దాదాపు 300 మంది సువార్తిక నాయకులు సంతకాలు చేసిన ప్రకటన దోషరాహిత్య సిద్ధాంతానికి విస్తృత రూపం. ప్రతులు, అనువాదాలు మూలాన్ని అనుసరించినంత మేరకే దేవుని వాక్కని, స్థూలంగా చెప్పిన సంఖ్యలు, కంటికి కనిపించినట్టు చేసిన ప్రకృతి వర్ణనలు దోషాలు కావని అది ఒప్పుకుంది. కథోలిక సంఘం మరో దారి పట్టింది. 1943లో పోప్ పయస్ XII సాహిత్య ప్రక్రియల అధ్యయనాన్ని ప్రోత్సహించాడు. మన రక్షణ కోసం దేవుడు తెలియజేయదలచిన సత్యాన్ని లేఖనం తప్పులేకుండా బోధిస్తుందని రెండవ వాటికన్ మహాసభ 1965లో చెప్పింది. ప్రొటెస్టంట్ వేదాంతి కార్ల్ బార్త్ దృష్టిలో బైబిలు దేవుని ప్రకటనకు మనుషులిచ్చిన సాక్ష్యం.

ఆక్షేపణలు, సమాధానాలు

దోషరాహిత్యం పంతొమ్మిదవ శతాబ్దంలో కల్పించినదని రోజర్స్, మెకిమ్ 1979లో వాదించారు. జాన్ వుడ్‌బ్రిడ్జ్ 1982లో దాన్ని ఖండించాడు. అగస్టీన్ లేఖను చూస్తే వుడ్‌బ్రిడ్జ్ పక్షమే బలమైనది. అయితే నమ్మకం పాతదైనా, దాన్ని విజ్ఞానశాస్త్రం, చరిత్ర అడిగే ప్రశ్నలకు జవాబుగా సూత్రీకరించడం కొత్త. దొరకని మూలప్రతుల మీద భారం వేయడం తప్పించుకోవడమే కదా అన్నది రెండవ ఆక్షేపణ. ప్రతుల్లో తేడా కనిపించిన చోట లేఖకుడి తప్పును అనుమానించడం న్యాయమే. ఏ ప్రతిలోనూ తేడా లేని చోట కూడా అదే సాకు చెబితే వాదం తేలిపోతుంది. బైబిలు ప్రేరితమని బైబిలే చెప్పడం చక్రక వాదం కాదా అన్నది మూడవది. కాల్విన్ చూపిన అంతరంగ సాక్ష్యం విశ్వాసికి చాలు, బయటివారికి రుజువు కాదు. సువార్తలను ముందు మామూలు చరిత్ర సాక్ష్యాలుగా పరీక్షించి, లేఖనాలను యేసు ఎలా చూశాడో గ్రహించి, ఆపైన ప్రేరణకు చేరాలని వార్ఫీల్డ్ చెప్పాడు. ఈ మార్గంలో చక్రదోషం తగ్గుతుంది. కానీ చరిత్ర ఇవ్వగలిగింది సంభావ్యతే. ఒక మాట దేవుడి నుంచి వచ్చిందని ఏ వ్రాతప్రతీ నిరూపించలేదు, కాదని కూడా నిరూపించలేదు. కొత్త నిబంధన పాఠం చాలా భద్రంగా మనదాకా వచ్చిందన్నది సాక్ష్యాలతో తేలిన విషయం. అది దైవప్రేరితమన్నది విశ్వాసం చేసే నిర్ణయం. మొదటిది రెండవదానికి తోడ్పడగలదే తప్ప దాని స్థానాన్ని తీసుకోలేదు.