డ్యాములు పోయాక గింజలు చల్లినవాళ్లు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

డ్యామ్ కట్టిన కథలు మనకు కొత్త కాదు. పోలవరం ముంపులో చుట్టాలున్నవాళ్లు మనలో ఎంతమందో. డ్యామ్ తీసేసిన కథ మాత్రం నేను ఈ మధ్యే చదివాను. అమెరికాలో క్లామత్ నది. ఒరెగాన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో సముద్రంలో కలుస్తుంది. దాని ఒడ్డున యూరోక్, కరూక్ లాంటి తెగలున్నాయి. సాల్మన్ చేపే వాళ్ల తిండి, వాళ్ల పండగ. 1918 నుంచి 1962 లోపు కరెంటు కోసం అక్కడ నాలుగు డ్యాములు కట్టారు. సముద్రం నుంచి ఎదురీదే చేపకు దారి మూసుకుపోయింది. 2002లో నీళ్లు తగ్గి, వేడెక్కి, రోగం తగిలి 30 వేలకు పైగా చేపలు చచ్చి తేలాయి.

ఆ తర్వాత తెగలవాళ్లు ఊరుకోలేదు. అప్పటి యజమాని కంపెనీని నిలదీయడానికి స్కాట్లాండ్ దాకా వెళ్లారు. చివరికి కంపెనీ దిగొచ్చింది. మనసు మారి కాదు, లెక్క మారి. లైసెన్సు మళ్లీ కావాలంటే చేపలకు దారులు కట్టాలి, దానికన్నా కూల్చడమే చవక. 2023లో ఒకటి, 2024లో మిగతా మూడు తీసేశారు.

నన్ను పట్టేసింది ఆ తర్వాతి పని. నీళ్లు పోతే మిగిలేది దాదాపు 2,200 ఎకరాల బురద. ఖాళీ నేల కనిపిస్తే ముందు దిగేది బయటి కలుపే. మన గట్ల మీద వయ్యారిభామ సంగతి తెలుసుగా! అక్కడ ఎల్లో స్టార్‌థిస్టిల్ అనే ముళ్ల మొక్క, మెడుసాహెడ్ అనే గడ్డి. రెండూ మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చినవే. అందుకే కూల్చడానికి ముందే చుట్టుపక్కల కలుపు తీయడం మొదలుపెట్టారు. యూరోక్ మనుషులు ఒక కంపెనీతో కలిసి ఏళ్లకేళ్లు తిరిగి, దాదాపు వంద రకాల స్థానిక మొక్కల గింజలు చేత్తో ఏరారు. వాటిని నర్సరీల్లో, పొలాల్లో పెంచి వందల కోట్ల గింజలు చేశారు. 2024 జనవరిలో నీళ్లు దిగుతుంటే, బురద తడి ఆరకముందే చల్లేశారు.

మన దగ్గర మొక్కలు నాటడమంటే మనకు గుంత తవ్వే కూలి. ఏ మొక్క అనేది పైవాళ్లు చెప్తారు. యూరోక్‌లకు సొంత చేపల శాఖ ఉంది, అందులో సొంత సైంటిస్టులున్నారు. తేడా అక్కడే ఉందనిపిస్తుంది నాకు.

2024 అక్టోబరులో ఒరెగాన్ వైపు ఉపనదిలో సాల్మన్ కనిపించింది, 1912 తర్వాత మొదటిసారి. కలుపు తీత మాత్రం ఇంకా ఏళ్ల పని.

మీ వాగు ఒడ్డున ముందు ఏమేం మొక్కలుండేవో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్లు చెప్పిన పేర్లతోనే ఇక్కడ రాయండి.