చెవికందిన పట్టిక

బడిలో ఎక్కములు వల్లింపని వారు మనలో అరుదు. “ఆరు ఎనిమిదులు నలువదియెనిమిది” అని పిల్లలందరును ఒక్క గొంతుకతో చదువుచుండగా ఆ ధ్వని వీధి చివర వరకు వినబడెడిది. ఎక్కముల పుస్తకమున ఇది యొక పట్టిక. అడ్డముగా నొక సంఖ్య, నిలువుగా నొక సంఖ్య, రెండును కలిసిన గడిలో ఫలితము. కాని వల్లించునపుడు ఏ పిల్లవాడును ఉత్త “నలువదియెనిమిది” అని ఊరకుండడు. ఆరును, ఎనిమిదిని ముందు చెప్పి, పిమ్మటనే ఫలితమును చెప్పును. రేడియోలో ధరవరలు చదివినవారును ఈ పద్ధతినే పాటించిరి. సరకు పేరు, బజారు పేరు చెప్పక ధర మాత్రము చెప్పినచో విన్నవారికి ప్రయోజనమేమి? పట్టికను చెవికందించు రహస్యము ఇంతియే: ప్రతి అంకెయు తన పేరుతో రావలెను.

ఈ సంగతి చాల పాతది. నేటి ఇరాకు దేశపు దక్షిణ భాగమున పూర్వము లార్సా అను నగరముండెను. ఆ ప్రాంతమున క్రీ.పూ. 1800 నాటి లేఖకుడొకడు మట్టిపలకపై వ్రాసినదని పండితులు నిర్ణయించిన పట్టిక యొకటి నేడు న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయమున నున్నది. దానిని ప్లింప్టన్ 322 అని వ్యవహరింతురు. లంబకోణ త్రిభుజముల లెక్కలు అందులోని విషయము. 15 అడ్డు వరుసలు, 4 నిలువు వరుసలు మిగిలినవి. ఎడమ అంచు విరిగిపోయినది. ప్రతి నిలువు వరుసకును పైన శీర్షిక కలదు. మొదటి వరుసలోని సంఖ్యలు పెద్దదాని నుండి చిన్నదానికి క్రమముగా దిగుచున్నవి. చివరి వరుసలో 1 మొదలు 15 వరకు అంకెలు వేసి, ఆ లేఖకుడు దానిపై వ్రాసిన శీర్షికకు అర్థము “దాని పేరు”. పట్టికకు పేరును, క్రమమును రెండును ప్రాణములని అతడెరుగును.

మన దేశమున ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథములో 24 జ్యాభేదములను ఒక్క శ్లోకమున ఇమిడ్చెను. ఇది ధారణకై కూర్చిన పట్టిక. ఇందు శీర్షికలు లేవు. సంఖ్య యున్న స్థానమే దానికి గుర్తు. కనుక అందులో క్రమము కదలరాదు. కదలినచో అర్థమంతయు చెడును.

కాగితముపై అచ్చైన పట్టికకును క్రమమొక్కటే. పేర్ల వరుసలో కూర్చినదానిని వయసుల వరుసలో చూడగోరినచో మరల వ్రాయవలసినదే. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హాలరిత్ ఈ బంధమును సడలించెను. మనిషికొక అట్టముక్క, దానిపై వివరములను తెలుపు రంధ్రములు. విద్యుచ్ఛక్తితో నడచు అతని యంత్రము వానిని లెక్కించుటకును, వేరుచేయుటకును తోడ్పడెను. ఏ ప్రశ్నకు తగిన క్రమము ఆ ప్రశ్నకు! నేడు కంప్యూటరు తెరపై శీర్షికను ఒక్కమారు నొక్కినంతనే వరుసలన్నియు క్రొత్త క్రమములో నిలుచుట ఆ మార్గమున వచ్చినదే.

అయితే ఈ సౌకర్యము అందరికిని అందినదా? నేనెరిగిన అంధ విద్యార్థి యొకడు ఒక పోటీ పరీక్ష ఫలితములకై కంప్యూటరు ముందు కూర్చుండెను. తెరపై నున్నదానిని చదివి వినిపించు సాధనమును స్క్రీన్ రీడర్ అందురు. అది “నూట నాలుగు, అరువదియేడు, ఏబదియెనిమిది” అని చదువుకొనుచు పోయెను. ఏది వరుస సంఖ్య, ఏది ఏ పేపరు మార్కు? శీర్షికలు లావుపాటి అక్షరములలో నుండెను గాని, అవి శీర్షికలని యంత్రమునకు ఎవరును చెప్పియుండలేదు. మార్కుల క్రమమున పేర్చుటకు శీర్షికను మౌసుతో నొక్కవలెను. కీబోర్డుతో పనిచేయు అతనికి అచటికి దారి లేదు. నేను నొక్కితిని. వరుసలు మారినవి, చిన్న బాణము తలక్రిందులైనది. యంత్రము మాత్రము మౌనము వహించెను. కడకు అతడు తన మార్కులను నా నోట వినవలసివచ్చెను. ఉత్తీర్ణుడయ్యెను, కాని ఆ వార్తను మొదట చదివినది అతడు కాదు.

దీనికి మందు లేక కాదు. వెబ్ పుటలను వ్రాయు హెచ్.టి.ఎమ్.ఎల్. భాష 4.0 రూపము 1997 డిసెంబరులో వెలువడెను. శీర్షిక గడిని వేరుగా గుర్తించుటకును, అది అడ్డు వరుసదో నిలువు వరుసదో తెలుపుటకును అందు ఏర్పాటు కలదు. 1999 మే నెలలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమ్ ప్రకటించిన మొదటి మార్గదర్శకములు శీర్షికలను ఇట్లు గుర్తించుమని స్పష్టముగా చెప్పెను. 2014 మార్చిలో అదే సంస్థ ఆమోదించిన ప్రమాణములో ఏరియా-సార్ట్ అను గుర్తు చేరెను. ఏ వరుసను బట్టి పట్టిక పేర్చబడినదో, ఆ క్రమము ఆరోహణమో అవరోహణమో అది స్క్రీన్ రీడరుకు తెలుపును. శీర్షికలో నిజమైన బటను నుంచినచో కీబోర్డుతోను నొక్కవచ్చును. ఇవి యెరిగినవానికి కొలది నిమిషముల పని.

వినెడి సాధనమునకును కొదువ లేదు. ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్ 2006లో ప్రారంభించి, మరియొక అంధ యువకుడు జేమ్స్ టెతో కలిసి వృద్ధిచేసిన ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడరు ఉచితముగా లభించుచున్నది. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమును సమాచార సాధనములు అందరికి అందవలెనని శాసించుచున్నది. కొరతయల్లా పట్టికను కూర్చువాని శ్రద్ధలోనే.

పట్టిక కూర్చువాడు పని ముగించిన పిమ్మట ఒక్కమారు కన్నులు మూసికొని దానిని వినుట మంచిది. అంకె వెంట దాని పేరు వినబడినదా? క్రమము మారినపుడు మారినదను మాట వినబడినదా? వినబడనిచో బడిపిల్లల ఎక్కమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నాటి లేఖకుడు పచ్చిమట్టిపై మరువక వ్రాసిన “దాని పేరు” నేటి గాజుతెరపై మరుగుపడుట మనకు తగదు.