గళమునకు కాలపు నిలుకడ

గుడివాడ సమీపమున చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గళమును ఇండ్లకు చేర్చిన తొలి వాహనములలో 78 చుట్ల రికార్డు ఒకటి. గ్రామఫోను స్ప్రింగు వదులైనచో పళ్లెము మందగించి శ్రుతి దిగజారును. రికార్డు నడిమి రంధ్రము రవంత ప్రక్కకు జరిగియున్నచో నిలిపిన స్వరము ఊయల ఊగును. కూచిపూడి ఆటలో నట్టువాంగము తొట్రుపడినట్లే.

1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు ఈ దోషమును తొలగించినది. అందు శబ్దము సెకనుకు 44,100 అంకెలుగా నుండును. చదివిన అంకెలను తొలుత కొంత కూడబెట్టి, స్ఫటికపు గడియారము చెప్పిన వడిని వెలికి పంపుటచే, పళ్లెము తడబడినను గళము తడబడదు.

పిమ్మట డిస్కు చదివెడి యంత్రమును, అంకెలను శబ్దముగా మార్చెడి యంత్రమును వేరుచేసి తీగతో కలిపిరి. రెండవది కాలమును ఆ తీగనుండియే గ్రహింపవలసివచ్చెను. అంకె సరియైనదే, అది పలికెడి క్షణము మాత్రము లేశమాత్రము ముందువెనుక లగును. జిట్టర్ అనునది ఇదియే. శబ్దముగా మార్చెడి చోటనే గడియారము నుంచి, అంకెలు పంపు యంత్రమును దాని యదుపున నడుపుట విరుగుడు. నేటి యు.ఎస్.బి. పరికరములు పెక్కు ఈ దారినే పట్టినవి. ఖరీదైన తీగలకై ఇల్లు గుల్లచేసికొన నక్కరలేదు.

అయితే పాత రికార్డును అంకెలలోని కెక్కించునపుడు పళ్లెము ఊగెనా, ఆ ఊపు అంకెలలోనే నిలిచిపోవును. వినునప్పటి గడియారము దానిని మాన్పజాలదు. రికార్డును నడిమికి సరిగా అమర్చిన పిదపనే ఎక్కింపవలెను.