బొంత మీదికి చెట్టు ఎలా ఎక్కింది

ఎండ కాసిన పూట భావనపాడు ఒడ్డున రెండు రకాల కుట్టుపనులు కంటపడతాయి. పడవల నీడన మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఊళ్లోకి తిరిగే దారిలో సరుగుడు కంచెల మీద బొంతలు ఆరుతూ ఉంటాయి. వల కుట్టేవాడు కన్ను చెడకుండా చూసుకుంటాడు, బొంత కుట్టే ఆవిడ కంత మిగలకుండా చూసుకుంటుంది. తేడా అంతే.

అందులో ఒక బొంతని దగ్గరికెళ్లి చూశాను. పైపొర ఒకప్పటి ఆకుపచ్చ నూలుచీర. ఉతికి ఉతికి నానిన పెసల రంగుకి దిగింది. ఒక మూల చిరుగుపడ్డ చోట లోపలి పొరలన్నీ పుస్తకం అంచులా బయటపడ్డాయి. ఇంకో చీర, పంచె, ఎవరిదో గళ్ల లుంగీ, మళ్లీ చీర, లెక్కపెడితే ఏడు. కుట్టు బయటి అంచున మొదలై చుట్టూ తిరుగుతూ, వేలి కణుపంత ఎడంతో లోలోపలికి పోయి నడిమధ్యన ఆగింది. బొమ్మ అన్నది లేదు. ఉన్నవల్లా చీర అంచున నేసిన మామిడిపిందెలు, అవీ సగం పోగులు లేచిపోయి.

"బొంత మీద బొమ్మేటి బాబూ" అంది దాన్ని తిరగేస్తున్న మామ్మ. "కిందేసుకుని తొంగునీదానికి బొమ్మెందుకు, నలిగిపోడానికా?"

బొంతల చరిత్ర సగం ఆ ప్రశ్నలోనే ఉంది. అరిగిపోవడానికి కుట్టిన బట్ట మీద ఎవరూ బొమ్మ వెయ్యరు. దాచుకోవాలనో, ఒకరికి ఇవ్వాలనో, నలుగురికి చూపించాలనో అనుకున్నప్పుడే చెట్టూ పిట్టా బొంత మీదికి వచ్చాయి. వచ్చిన దారుల్లో ఒకటి మన తీరం మీదుగానే పోయింది. మనమే దాన్ని మరిచిపోయాం.

తెలుగులో బొంతకి గౌరవం తక్కువ. ఇద్దరినీ ఒకే గాటన కట్టి ఎకసెక్కమాడాలంటే గంతకు తగ్గ బొంత అంటాం. సినిమా నచ్చకపోతే అతుకుల బొంత అని రాసేస్తారు సమీక్షకులు. సంస్కృతంలో దీన్ని కంథ అన్నారు, అక్కడా అది బిచ్చగాడి సొత్తే. శంకరాచార్యుల పేరిట ఉన్న భజగోవిందంలో కనిపించే యోగి ఒంటి మీద ఉన్నది వీధుల్లో పడివున్న పేలికలు ఏరి కుట్టుకున్న కంథే.

పేలికల్లో అందం చూసినవాళ్లు బౌద్ధులు. వినయపిటకంలో ఒక ముచ్చట ఉంది. బుద్ధుడు దక్షిణాగిరి వైపు నడిచిపోతూ మగధ పొలాలు చూశాడు. మడులు, మడుల మధ్య గట్లు, వాటికి అడ్డంగా ఇంకా సన్నటి గట్లు. పక్కనున్న ఆనందుణ్ని పిలిచి, భిక్షువులు కట్టుకునే చీవరాలు ఇలా కుట్టగలవా అని అడిగాడు. ఆనందుడు బట్టని ముక్కలుగా కోసి, అచ్చం వరిమడుల్లా అతికి కుట్టి తెచ్చాడు. కోసి అతికిన గుడ్డకి బజార్లో విలువ ఉండదు, దొంగ ముట్టడు అన్నది అందులోని లౌక్యం. ఈనాటికీ బౌద్ధ భిక్షువుల చీవరాల్లో ఆ మడులూ గట్లూ కనిపిస్తాయి. ప్రకృతిని చూసి కుట్టిన అతుకుల బట్టల గురించి రాతలో ఉన్న కథల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను. భావనపాడు నుంచి తీరం వెంట దక్షిణానికి దిగితే కళింగపట్నం, అక్కడికి దగ్గర్లో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ వస్తాయి. కొండ మీద స్తూపాలున్నాయి. దాని పాతపేరు శాలివాటిక, శాలి అంటే వరి. కింద వరిమళ్లు, పైన వరిమడి కట్టుకున్న భిక్షువులు. ఆ రెంటినీ ఒక్క చూపులో చూసిన రైతు ఏమనుకున్నాడో!

బెంగాల్లో కథ ఇంకోలా నడిచింది. అక్కడి కాంథా కూడా పాతచీరల బొంతే. పేరు కూడా మన కంథే. తెల్లచీరలు పరిచి, చీర అంచుల్లోంచి ఎరుపూ నీలం పోగులు లాగి, వాటితోనే కుట్టేవారు. నడుమ విచ్చిన తామర, నాలుగు మూలలా నాలుగు చెట్లు, మధ్య ఖాళీల్లో చేపలు, ఏనుగులు, పల్లకీలు. కోల్‌కతా శివార్లలోని గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి అనే ఆవిడ 19వ శతాబ్దంలో తన తండ్రి కోసం కుట్టిన కాంథా ఉంది. అక్కడ కాంథా కింద పరచుకునేది మాత్రమే కాదు. పుస్తకాలకు చుట్టేవారు, వచ్చిన అతిథికి పరిచేవారు, కన్నవాళ్లకు కానుకగా పట్టుకెళ్లేవారు. మన మామ్మ ప్రశ్నకి అదే జవాబు. చేతులు మారే బట్ట కాబట్టి దాని మీద బొమ్మ పడింది.

ఇక మన తీరం. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో, అంటే మన బందరులో, కొట్లు పెట్టారు. వాళ్లని లాగినవాటిలో ముఖ్యమైనది మన అద్దకం బట్ట. అందులో మేలురకం మంచం మీద పరిచే నిలువెత్తు బట్ట. పలంగ్‌పోష్ అన్న మాట వాళ్ల నోట పలంపోర్ అయింది. బందరు నుంచి దక్షిణాన తమిళ రేవుల దాకా కోరమాండల్ తీరమంతా ఈ పని సాగింది.

పలంపోర్ మీద చెట్టు పుట్టడమే ఒక తతంగం. బట్టని కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు పట్టిన బట్ట మీద గీసిన గీత పక్కకి పాకదు. కాగితం మీద నమూనాకి సూదితో బెజ్జాలు పొడిచి, దాన్ని బట్ట మీద పరిచి బొగ్గుపొడి అద్దితే కొమ్మల జాడ పడుతుంది. బెల్లం నీళ్లలో ఇనుపముక్కలు పులియబెట్టిన కసరుతో కలం పెట్టి గీస్తే నలుపు. పటిక నీళ్లతో గీసి చిరువేరు రంగులో ఉడకబెడితే పటిక తగిలిన మేర ఎరుపు. నీలం కావాలంటే మిగతా బట్టంతా మైనం పూసి నీలిమందులో ముంచాలి. పారే నీళ్లలో ఉతికి ఎండేసి మళ్లీ మొదలు. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోకపోవడం అప్పటి యూరపుకి వింత. అక్కడ నూలుబట్ట మీద అద్దిన రంగులు ఉతికితే నిలిచేవి కావు.

ఆ చెట్టునీ ఓసారి చూడాలి. రాళ్ల గుట్టలోంచి మెలికలు తిరిగి లేస్తుంది. ఒక కొమ్మకి దానిమ్మ, ఇంకో కొమ్మకి మన కంటికి పరిచయం లేని చైనా పువ్వు, కింద వెదురు. కొన్న దొరలు పంపిన నమూనాలు, పారశీక తోటలు, చైనా పింగాణీ మీది పూలు, మన కలంకారీ పనివాడి చెయ్యి, అన్నీ కలిసి ఒకే మాను మీద కాశాయి. వృక్షశాస్త్రానికి ఎక్కని చెట్టు అది. కానీ నెమళ్లు, చిలకల తోకలు చూస్తే గీసినవాడు పిట్టల్ని కళ్లారా చూశాడని తెలిసిపోతుంది.

ఈ బట్టల దెబ్బకి యూరపు మగ్గాలు బెంబేలెత్తాయి. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో రంగులద్దిన బట్టల దిగుమతి ఆపే చట్టం చేసింది. అది చాలక 1721లో కట్టుకోవడం, ఇంట్లో పరచుకోవడం కూడా నేరం చేస్తూ ఇంకోటి. దానికి రెండేళ్ల ముందు లండన్ నేతగాళ్లు వీధుల్లో ఇలాంటి గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ల మీదపడి బట్టలు చింపేశారు. మన దగ్గర గిట్టుబాటు లేక నేతగాడు మగ్గం దిగిన రోజులు తరవాత వచ్చాయి. అంతకుముందు మన బట్టకి భయపడి వాళ్ల నేతగాడు వీధిన పడ్డాడు.

నిషేధించినకొద్దీ మోజు పెరిగింది. పెద్ద బట్ట దొరకదు, దొరికిందాన్ని పారెయ్యబుద్ధి కాదు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ నిలిచివున్న పాత అతుకుల బొంతల్లో లెవెన్స్ హాల్ బొంత పేరున్నది. 1708 ప్రాంతానిదంటారు, అందులోని ముక్కలు మన దేశపు అద్దకపు బట్టవే. 18వ శతాబ్దం గడుస్తుండగా ఇంకో పద్ధతి వచ్చింది. పలంపోర్ పాతబడితే చెట్టు మీది పిట్టని, పువ్వుని, కొమ్మని కత్తెరతో చుట్టూ కోసి, తెల్లటి బట్ట మీద అమర్చి, అంచు విడిపోకుండా సన్నగా కుట్టడం. చిన్న ముక్కతో పెద్ద పరుపంత తోట. అట్లాంటిక్ దాటి అమెరికా దక్షిణ రాష్ట్రాల దొరసానుల దాకా పోయింది ఇది. దీనికి తరవాత పెట్టిన పేరు బ్రాడరీ పెర్స్, అంటే పారశీక కుట్టుపూలపని. అది పర్షియాదీ కాదు, కుట్టుపూల పనీ కాదు. బందరు పిట్ట పేరు మార్చుకుని పరదేశంలో స్థిరపడింది, అంతే.

బొంత మంచం దిగి గోడెక్కడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఇక్కడ తలుచుకోవాల్సిన మనిషి హారియెట్ పవర్స్. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. 1886లో ఏథెన్స్ అనే ఊళ్లో పత్తి సంతలో తను కుట్టిన బొంతని ప్రదర్శనకి పెట్టింది. చూసిన ఒక చిత్రకారిణి అమ్మమంటే ఇవ్వలేదు. నాలుగైదేళ్లకి ఇల్లు గడవక పది డాలర్లు అడిగి, ఐదుకి ఇచ్చేసింది. ఇచ్చాక కూడా దాన్ని చూసుకోవడానికి వెళ్లేదట. ఆ బొంత ఇప్పుడు స్మిత్‌సోనియన్‌లో ఉంది, ఆమె కుట్టిన రెండోది బోస్టన్ మ్యూజియంలో. రెండోదాంట్లో బైబిలు కథల పక్కనే 1833 నవంబరు 13 రాత్రి ఉంది. ఆకాశం నుంచి ఉల్కలు వానలా రాలిన రాత్రి. ఆమె పుట్టకముందు సంగతి, పెద్దవాళ్ల నోట విన్నది. కొరికేసిన చలికి మనుషులూ పశువులూ గడ్డకట్టిన రోజు ఇంకో చట్రంలో ఉంది. పొలం పనిచేసే మనిషికి ప్రకృతి అంటే అది: ఒళ్లు జలదరించిన రోజు.

తరవాతది వేగంగా చెప్పుకోవచ్చు. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం పాత బొంతల్ని వర్ణచిత్రాల్లా గోడలకి వేలాడదీసింది. 1979లో ఒహైయోలో, అదీ ఏథెన్స్ అనే ఊరే, ఆవుల్ని కట్టే పాత కొట్టంలో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలైంది. అక్కడికొచ్చినవి ఎవరూ కప్పుకోవడానికి కుట్టినవి కావు, గోడకి పెట్టడానికే కుట్టిన ఆర్ట్ క్విల్ట్‌లు. మన దగ్గర 2019లో చెన్నైలో ఇండియా క్విల్ట్ ఫెస్టివల్ జరిగింది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో, పిపిలీ పనివాళ్లు జగన్నాథుడి చాందినీల మీద ఏనుగుల్నీ నెమళ్లనీ అతికి కుట్టడం వీటన్నిటికన్నా ముందునుంచీ ఉంది. అది గుడి కోసం కాబట్టి ఎవరూ ఆర్ట్ క్విల్ట్ అనలేదు.

గోడకి పెట్టే బొంతకి మర్యాదలు వేరే. వెనకవైపు పైఅంచున గొట్టంలా బట్ట కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీయాలి. అప్పుడు బరువు ఒక చోట పడకుండా పంచుకుంటుంది. నేను ఒకసారి బట్టల క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే రెండు రోజులకి మధ్యలో ఉయ్యాలలా దిగిపోయింది. దాచేటప్పుడు ఒకే మడతలో పెట్టకూడదు, చుట్టాలి. వెలుతురు తక్కువుండాలి, మ్యూజియాలు 50 లక్స్ దాటనివ్వవు. దీపం మాత్రం పక్కనుంచి పడాలి. చిత్రపటంలో నీడని రంగుతో వేస్తారు, బొంతలో కుట్టు లోపలికి దిగినచోట నీడ దానంతటదే పడుతుంది. అలలు గానీ ఇసుకతిన్నెలు గానీ కుట్టినవాళ్లకి ఈ కిటుకు తెలుసు.

భావనపాడులో చూసి కుట్టడానికి వస్తువులకి కొదవలేదు. నౌపడ ఉప్పుమళ్లు పైనుంచి చూస్తే ఆనందుడి చీవరమే. శీతకాలంలో ఇసుకలో గుడ్లు పెట్టిపోయే తాబేళ్లున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒకే వైపుకి పడుకోబెట్టిన ఉద్దానం కొబ్బరిచెట్లు ఉన్నాయి, హారియెట్ అయితే వాటినే ముందు కుట్టేది. దగ్గర్లో తేలినీలాపురం ఉంది. ఏటా వానలు తగ్గే వేళకి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపుకుని వేసవికి వెళ్లిపోతాయి. పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు ఆ ఊరివాళ్లు.

ఆ గూడబాతునే కుట్టిపెట్టమని మామ్మని అడిగాను. నవ్వింది. మూడోసారి వెళ్లేసరికి మాత్రం పాత పంచె ఒకటి ముందేసుకుని కూర్చుంది. ఉతుకుళ్లకి ఆ పంచెకి వచ్చిన మట్టితెలుపు, గూడబాతు ఒంటి రంగు ఒకటే. నాకు తట్టనే లేదు. గీత గియ్యలేదు, నమూనా లేదు. కత్తెరతో సరాసరి మెడ వంపు కోసి, ఆకుపచ్చ చీర మీద పెట్టి, సూదికి తలవెంట్రుకలా ఎగిరిపోతున్న పాత దారం ఎక్కించింది. ఒళ్లు, రెక్క, కాళ్లు చుట్టూ కుట్టేసింది. వెలిసిన పసుపు జాకెట్టు ముక్కతో ముక్కు. ముక్కు కింద సంచి దగ్గరికి వచ్చేసరికి ముక్కని కాస్త వదులుగా వేసి, కిందా పక్కలా కుట్టి, పైన వదిలేసింది. అది జేబులా తెరుచుకుని వేలాడుతోంది.

"అక్కడ కుట్టు తప్పిపోనాది మామ్మా" అన్నాను.

"తప్పిపోనేదు. కుట్టీస్తే చేపెలాగ పడతాది?"