గెడ్డ మీద పచ్చరెక్క: ఒక తూనీగకు పేరు నిలిచిన చరిత్ర

కొయ్యూరు, చింతపల్లి, అనంతగిరి కొండల్లో వాగును గెడ్డ అంటారు. చెట్ల నీడలో, రాళ్ళ మీదుగా పారే అడవి గెడ్డలను ఆశ్రయించి బతికే తూనీగల్లో పెద్దది, అందమైనది నీరోబేసిస్ కైనెన్సిస్. తూర్పు కనుమలతో పాటు పడమటి కనుమల్లోనూ, హిమాలయాల దిగువ కొండల్లోనూ, ఆగ్నేయాసియా మీదుగా దక్షిణ చైనా వరకూ ఇది ఉంది. తెలుగులో దీనికంటూ వాడుకలో ప్రత్యేకమైన పేరు లేదు. రెక్కలు చాపి కూర్చునే లావుపాటివీ, వీపు మీద రెక్కలు ముడుచుకునే సూదిలాంటివీ అన్నీ తూనీగలే. పిల్లలు తోకకు దారం కట్టి ఎగరేయడానికి అంతకంటే వివరం అక్కర్లేదు మరి.

శాస్త్రంలోనూ మొదట ఇదే పరిస్థితి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ తన జీవుల వర్గీకరణ గ్రంథం పదో కూర్పులో ప్రపంచంలోని తూనీగలన్నిటినీ లిబెల్లులా అనే ఒకే ప్రజాతిలో వేశాడు. మన గెడ్డ తూనీగ అందులో లిబెల్లులా కైనెన్సిస్, అంటే చైనా తూనీగ. పేరు చైనాదైనా, పురుగు ఇక్కడిది కూడా. పేరు పెట్టినవాడు చైనా చూడలేదు, ఇండియా చూడలేదు. ఓడల్లో యూరప్ చేరిన పురుగులూ, వాటిని చూసి వేసిన బొమ్మలే ఆనాటి ఆధారం.

ఆ కలగూరగంపను విడదీసినవారిలో ముఖ్యుడు బెల్జియంకు చెందిన సెలిస్ లాంగ్‌షాంప్ (1813–1900). వృత్తికి రాజకీయ నాయకుడు, ఆ దేశపు సెనేట్‌కు అధ్యక్షుడుగా కూడా పనిచేశాడు. ప్రాణం మాత్రం తూనీగల మీదే. 1853లో నీరోబేసిస్, వెస్టాలిస్ ప్రజాతులను ఆయనే ఏర్పరిచాడు. రంగును నమ్మకుండా రెక్కల్లోని ఈనెలను చూసి వర్గీకరించడం ఆయన పద్ధతి. మామూలు సూదితూనీగ రెక్క మొదట్లో కాడలా సన్నబడుతుంది. ముందంచున, నడిమి ముడికి ఇవతల, అడ్డ ఈనెలు సాధారణంగా రెండే ఉంటాయి. నీరోబేసిస్, వెస్టాలిస్‌లు చేరిన వెడల్పు రెక్కల కుటుంబంలో ఆ కాడ ఉండదు, అడ్డ ఈనెలు లెక్కకు మించి జల్లెడలా అల్లుకుని ఉంటాయి. రంగు తెలియని ఎండు రెక్క ముక్క దొరికినా కుటుంబం చెప్పవచ్చు. నేటికీ గుర్తింపు అక్కడే మొదలవుతుంది.

మన దేశంలో ఈ పనిని ఒక కొలిక్కి తెచ్చినవాడు ఫ్రెడరిక్ చార్లెస్ ఫ్రేజర్ (1880–1963). ఇండియన్ మెడికల్ సర్వీసులో సర్జన్. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో తూనీగల మీద ఆయన రాసిన మూడు సంపుటాలు 1933, 1934, 1936లో వచ్చాయి. వెడల్పు రెక్కలవి రెండో సంపుటంలో ఉన్నాయి. ఫ్రేజర్ సేకరణలో పడమటి కనుమలది పెద్ద వాటా. అక్కడ కాఫీ తోటలూ, వేసవి విడుదులూ ఉన్నాయి. సేకరించేవారికి దారి, బస రెండూ దొరికేవి. మన గెడ్డలున్న విశాఖ ఏజెన్సీ సంగతి వేరు. 1839 చట్టంతో మామూలు పాలన నుంచి విడదీసిన ప్రాంతం అది, పైగా మన్యం జ్వరానికి పేరుపడ్డది. ఫ్రేజర్ తూనీగలు పోగుచేస్తున్న ఏళ్ళలోనే, 1922 ఆగస్టులో, చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మన్యం పితూరీ మొదలైంది. అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపింది కొయ్యూరులోనే. ఆ కాలపు సర్కారు కాగితాల్లో ఈ కొండలంటే గెడ్డలూ తూనీగలూ కావు, పోలీసు బలగాలు.

గుర్తుపట్టడంలో అసలు చిక్కు మరోటి. మ్యూజియం పెట్టెలో మగ నీరోబేసిస్‌ను రెక్కలు విప్పి పిన్ను గుచ్చుతారు. ముందు రెక్కలు గాజులా పారదర్శకం. వెనక రెక్కల పైవైపు చివర నల్లబారి, తక్కినదంతా నెమలి మెడలా ఆకుపచ్చ, కోణం మారితే నీలం. గెడ్డ దగ్గర రాతి మీద కూర్చున్న మగది ఇలా ఉండదు. రెక్కలు వీపు మీద జోడించి కూర్చుంటుంది కాబట్టి బయటికి కనబడేది వెనక రెక్క అడుగువైపు, రాగి కలిసిన గోధుమరంగు. పచ్చదనం లేచినప్పుడే, అదీ తళుక్కుమని. బొమ్మ చూసి గెడ్డకు వెళ్ళినవాడు పక్కనే ఉన్న పురుగును దాటిపోతే ఆశ్చర్యం లేదు. ఆడదానికి ఈ మెరుపే లేదు: గోధుమ రెక్కలు, వెనక రెక్క నడిమి ముడి దగ్గర తెల్ల చుక్క, కొసకు చేరువలో మరో లేత మచ్చ. మగదాని రెక్క కొసన ఆ మచ్చ కూడా ఉండదు.

ఈ పచ్చ, రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. రెక్క పొరలో అతి పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి ఉండి, కాంతిని అలల మేళవింపుతో పచ్చగా తిప్పికొడతాయి. ఈ జాతి రెక్క మీదే చేసిన పరిశోధన 2004లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. తక్కిన సూదితూనీగల ఒంటి రంగులు ఎండితే వెలిసిపోతుంటే, పెట్టెలోని ఈ రెక్క మాత్రం ఏళ్ళ తరబడి మెరవడానికి కారణం అదే.

దీంతో పొరబడే దగ్గరి చుట్టాలు వెస్టాలిస్ తూనీగలు. వాటికి ఒళ్ళంతా లోహపు పచ్చ, రెక్కలు మాత్రం నిరాడంబరం. వాటిలో గ్రాసిలిస్ అనే జాతి రెక్కలు పూర్తిగా పారదర్శకం. అపికాలిస్ అనే జాతి రెక్కల కొసలు నల్లన. లేత అపికాలిస్‌కు ఆ నలుపు ఇంకా దిగదు, అప్పుడు తోక చివరి కొక్కేలు చూడక తప్పదు. గ్రాసిలిస్ నీళ్ళకు దూరంగా, పొదల నీడలో గుంపుగా కూర్చోవడం కూడా పరిపాటి.

బతికున్న పురుగును గమనించడం ఆలస్యంగా మొదలైంది. నీరోబేసిస్ జతకట్టే తీరు మీద భారతీయ పరిశోధకుల వ్యాసం 1977లో వెలువడింది. మగది నీటి పట్టున కొంత చోటు తనదిగా కాపాడుకుంటుంది. ఆడది వస్తే దాని ఎదుట ముందు రెక్కలతోనే ఎగురుతూ, వెనక రెక్కలను కదలకుండా విప్పి పచ్చదనం చూపిస్తుంది. గుడ్లు నీటిలోని మొక్కల కణజాలంలో పెడుతుంది ఆడది. నీరోబేసిస్ వంటి లోహరెక్కల జాతులన్నిటి మీదా ఓర్, హమలైనన్ రాసిన ప్రత్యేక గ్రంథం 2007లో బోర్నియో నుంచి వచ్చింది. 2009లో విజ్ఞాన్ ప్రసార్ ప్రచురించిన సుబ్రమణియన్ గైడు తరవాత, భారతీయ పరిశీలకుల నోట నీరోబేసిస్ స్ట్రీమ్ గ్లోరీగా, వెస్టాలిస్‌లు ఫారెస్ట్ గ్లోరీలుగా స్థిరపడ్డాయి.